అరుగుదల గోలీ

దొరబాబుకి కోపం వచ్చిందని ఎవరైనా చెబితే, ఏ దొరబాబుకి అని అడిగేవాళ్లం. పోర్టులో క్రేను నడిపేవాళ్లకి నోరెక్కువ. అంత ఎత్తున రేకుల గదిలో ఎండకి ఉడికిపోతూ షిఫ్టంతా కూర్చున్నవాడు కిందున్నవాణ్ణి నాలుగు తిట్టకుండా ఎలా ఉంటాడు? ఆ తిట్లు తినడానికే నన్ను ఉద్యోగంలో పెట్టుకున్నారని చాలాకాలం అనుకున్నాను. నా పేరు ఎల్లాజీ. ఓడ డెక్కు మీద నిలబడి క్రేను మనిషికి చేత్తో సైగలు చెయ్యడం నా పని. ఓడ కడుపులో ఏం జరుగుతోందో పైవాడికి కనపడదు. నేను చెయ్యెత్తితే అతను బరువు లేపుతాడు. బరువు దిగేటప్పుడు అరచెయ్యి నేలవైపు తిప్పి మెల్లగా ఆడిస్తే నెమ్మదిస్తాడు. నా సర్వీసులో చాలామంది క్రేను వాళ్లని చూశాను గానీ, నా చేతి మాటని అంత మర్యాదగా విన్నవాడు దొరబాబు ఒక్కడే.

వాళ్ల నాన్న డెబ్బైల్లో అమలాపురం వైపు నుంచి పోర్టు పని వెతుక్కుంటూ వచ్చాడు. దొరబాబు పుట్టింది అక్కడే అయినా పెరిగింది జ్ఞానాపురంలో, రైలు పట్టాల పక్కన. అందుకని అతని మాట మాది, కూరలో కొబ్బరి మాత్రం వాళ్లది. పది పాసై హెల్పరుగా చేరి, తొంభైలో క్రేను ఎక్కాడు. తగరపువలస పిల్ల చిట్టెమ్మను చేసుకున్నాడు. ఒక్కతే కూతురు, ధనశ్రీ. పోర్టు క్వార్టర్సులో మా బ్లాకే. తాగడు, పేకాడడు, బీడీ ముట్టడు. యూనియన్ ఎన్నికలొస్తే రెండు వర్గాలూ ఇతను మావాడేనని అనుకునేవి, అంత నెమ్మదస్తుడు.

అతనికి ఉన్న బాధల్లా వారం వారం మారే షిఫ్టు. రాత్రంతా క్రేను నడిపి పొద్దున్నే వచ్చి పడుకుంటే గూడ్సు బళ్లు, కుళాయి దగ్గర బిందెల గొడవ, పక్కింటి టీవీ. నిద్ర పట్టదు, తిన్నది అరగదు. అది మా అందరికీ ఉన్న రోగమే. నేను తిట్టుకుంటూ బతికేశాను. దొరబాబుకి తిట్టడం రాదు కదా, తొంభై రెండులో కాబోలు, లారీ స్టాండు దగ్గర పాన్ కొట్టు పెట్టుకున్న నూకాలుతో మొర పెట్టుకున్నాడు. ఆమె సీసాలోంచి రంగుకాగితం చుట్టిన నల్లటి గోలీ ఒకటి తీసి ఇచ్చింది. ఉత్తరాది లారీ డ్రైవర్లు అడుగుతుంటే తెప్పించి పెట్టిన సరుకు అది.

"అరుగుదలకి బావా. ఆయుర్వేదం. అన్నం తిన్నాక ఏసుకో, కడుపులో రాయున్నా అరిగిపోద్ది," అంది.

కాగితం మీద రాతంతా హిందీ. నాకు రాదు, దొరబాబుకి రాదు, నూకాలుకి అసలే రాదు. పైన ఒక దేవుడి బొమ్మ ఉంది. దేవుడి బొమ్మ ఉన్నదాన్ని అనుమానించే అలవాటు మాలో ఎవరికీ లేదు.

గోలీ వేసుకున్న రోజు దొరబాబు ఆకలేసి రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. మిట్టమధ్యాహ్నం గూడ్సు బళ్ల మోతలో ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు. ఇంక వదులుతాడా? నేనూ ఒకసారి సగం కొరికి చూశాను. మా బ్లాకు మెట్లు ఎంతసేపు దిగినా తరగలేదు, నోరంతా పిడచకట్టుకుపోయింది. ఆ పాపం ఆ రోజు తిన్న చేపల పులుసు మీదకి తోసేసి, గోలీ జోలికి మళ్లీ పోలేదు. దొరబాబుకి మాత్రం ఒకటి రెండయింది, రెండు నాలుగయ్యాయి. భోజనమయ్యాక వక్కపొడి వేసుకున్నంత మామూలైపోయింది. చిట్టెమ్మే బజారుకి వెళ్లినప్పుడు మర్చిపోకుండా కొనుక్కొచ్చేది.

రెండువేల మూడు వేసవిలో రోడ్డు వెడల్పు చేస్తామని లారీ స్టాండు దగ్గర కొట్లన్నీ కొట్టేశారు. నూకాలు సామాను మూట కట్టుకుని అనకాపల్లిలో చెల్లెలి దగ్గరికి పోయింది. దొరబాబు గోలీ కోసం ఊరంతా తిరిగాడు. మందుల షాపుల్లో అరుగుదలకి వాళ్ల దగ్గరున్న మాత్రలు ఇచ్చారు. అవి వేసుకుంటే అరుగుదల సంగతి ఏమో గానీ, ఆకలే లేకుండా పోయింది. నిద్ర కూడా పోయింది. పడుకుంటే చెమటకి పక్కబట్ట తడిసిపోయేది. కాస్త కన్నంటుకుంటే భయంకరమైన కలలు. టీవీ చూసి నవ్వుతోందని ధనశ్రీ మీద పెద్దగా అరిచాడట. ఆ పిల్ల తండ్రి అరుపు వినడం అదే మొదటిసారి, ఎవరో వచ్చారనుకుని గుమ్మం వైపు చూసింది.

అది ఇంట్లోనే ఆగితే బాగుండేది. బియ్యం ఎక్కుతున్న ఓడ మీద పని చేస్తున్నాం. బస్తాల కట్ట దిగుతోంది. నేను అరచెయ్యి ఆడిస్తున్నాను, బరువు ఆగదే! మెల్లగా రావలసింది విసురుగా వచ్చి డెక్కు అంచుకి కొట్టుకుంది. బస్తాలు పగిలి నా నెత్తిన బియ్యం కురిశాయి. దాలయ్య అనే కూలీ పక్కకి దూకబట్టి బతికాడు. దొరబాబు దిగొచ్చి, నా ముందు నిలబడి చేతులు చూసుకున్నాడు. రెండు వారాల్లో బుగ్గలు లోపలికి పోయాయి.

"బావా, నాకు ఆ జబ్బొచ్చినాదేమో," అన్నాడు. "పెళ్లికి ముందు ఒకపాలి లారీవోళ్లతో ఎల్లకూడని కాడికి ఎల్లినాను. ఇన్నాళ్లకి బయటపడింది."

ఆ రోజుల్లో చిక్కిపోయిన మగాణ్ణి చూస్తే ఊరికి తట్టే మాట ఒక్కటే. ఎయిడ్స్ అని పైకి కూడా అనేవారు కాదు, ఆ జబ్బు అనేవారు. జ్ఞానాపురంలో దేవదానం అనే డాక్టరు ఉన్నాడు. గవర్నమెంటు నౌకరీ నుంచి రిటైరై రెండు గదుల క్లినిక్కు పెట్టుకున్నాడు. ఆ పరీక్ష చేయించి, ఛీ అనకుండా మాట్లాడే మనిషి. అక్కడికే తీసుకెళ్లాను.

రక్తంలో ఏమీ లేదని తేలాక డాక్టరు దొరబాబుని మళ్లీ కూర్చోబెట్టి అడిగాడు. "ఈమధ్య ఏ అలవాటైనా మానేశావా?"

"నాకు అలవాట్లు నేవండి."

"చుట్టా, సారా, నల్లమందు?"

"ఏటీ నేదండి. అరుగుదల గోలీ ఒకటి ఏసుకునేవోణ్ణి. అదిప్పుడు దొరకట్నేదు."

డాక్టరు రాస్తున్న కలం ఆపాడు. "నల్లగా, మెత్తగా, రంగుకాగితంలో ఉంటుందా? లారీ డ్రైవర్లు వేసుకునేదేనా?"

"అదేనండి. ఆయుర్వేదం."

"అది గంజాయి ఆకు నూరి చేసిన ఉండ, నాయనా. ఎన్నాళ్లయింది మొదలుపెట్టి?"

"పదకొండేళ్లండి," అన్నాడు దొరబాబు. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ అతనికి అర్థం కాలేదు. గోడ కానుకుని కళ్లు మూసుకున్నాడు.

నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. పదకొండేళ్లు గంజాయి మీదున్న మనిషి దించిన బరువుల కింద నిలబడ్డానా నేను? డాక్టరు ఆ భయం పసిగట్టినట్టున్నాడు. మీరు చేసే పనేమిటని వివరంగా అడిగి, మా పనిలో పెట్టే చెప్పాడు.

"మెదడులో ఒక కణం ఇంకో కణానికి రసాయనం విసిరి కబురు పంపుతుంది. ఇతను పైనుంచి బరువు దించినట్టే అనుకో. కబురు మరీ జోరైతే అందుకునే కణం ఊరుకోదు, మెల్లగా, చాలు, అని వెనక్కి సైగ చేస్తుంది. అచ్చంగా నువ్వు చేసే పనే. ఆ సైగకి కావలసిన పదార్థం ఒంట్లోనే తయారవుతుంది. ఓ పదేళ్ల కిందట అది ఉందని పట్టుకున్నవాళ్లు మన ఆనందం అన్న మాటతోనే దానికి పేరు పెట్టారు. దాన్ని అందుకునే చోట్లని రిసెప్టర్లు అంటారు. ఆకలి, నిద్ర, నొప్పి, జ్ఞాపకం, తూలకుండా నడవడం, వీటన్నిటినీ నడిపే చోట్ల అవి దండిగా ఉంటాయి. ఊపిరి నడిపే చోట మాత్రం బాగా తక్కువ. నల్లమందు ఎక్కువైతే ఊపిరి ఆగినట్టు గంజాయితో ఆగకపోవడానికి కారణం అదే."

"మరి గోలీ ఏటి సేత్తదండి?" అన్నాను.

"గంజాయిలో ఉన్నది ఒంట్లో పుట్టేదాన్నే పోలి ఉంటుంది. పోయి ఆ రిసెప్టర్ల మీదే కూర్చుంటుంది. ఒంట్లోది అవసరమైన చోట పుట్టి, పని అయిపోగానే కరిగిపోతుంది. ఇది అలా పోదు. అవసరం ఉన్నా లేకపోయినా గంటల తరబడి మెల్లగా, మెల్లగా అని చెయ్యి ఊపుతూనే ఉంటుంది. కొవ్వులో చేరి రోజుల తరబడి కొంచెం కొంచెం బయటికొస్తుంది. నువ్వు పొద్దస్తమానం ఊరికే చెయ్యి ఊపుతూ ఉంటే పైవాడు ఏం చేస్తాడు?"

"సూడ్డం మానేత్తాడు."

"కణమూ అంతే. రిసెప్టర్లని లోపలికి లాగేసుకుంటుంది. అందుకే ఇతనికి ఒక గోలీ చాలక నాలుగు కావలసివచ్చాయి. ఇప్పుడు గోలీ పోయింది. ఒంటి సైగ ఒంటికి ఉంది గానీ, దాన్ని అందుకోవడానికి చాలినన్ని రిసెప్టర్లు లేవు. ఇంక ఏదీ మెల్లగా జరగదు. చెమట, కోపం, నిద్ర లేకపోవడం, అన్నం సయించకపోవడం, అన్నీ అందుకే."

"తిరిగొస్తాయాండి అవి?" దొరబాబు కళ్లు మూసుకునే అడిగాడు.

"వస్తాయి. నెల పడుతుంది. కొందరికి ఇంకాస్త. అందాకా క్రేను ఎక్కొద్దు. ఆ గోలీ మళ్లీ ముట్టొద్దు."

దొరబాబు కళ్లు తెరిచాడు. "అయితే నా నెమ్మది నాది కాదాండి?"

"కొంత నీదే అయ్యుంటుంది. ఎంతన్నది నేను చెప్పలేను," అన్నాడు దేవదానం.

నెల రోజులు విశ్రాంతి కావాలని డాక్టరు రాసిచ్చాడు. ఇంటికొస్తూ ఆటోలో దొరబాబు నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు. గంజాయి మాట బయటికి పొక్కితే క్రేను పోతుంది. చిట్టెమ్మకి కూడా చెప్పడట. ఆమె గ్రైండరు పెట్టుకుని క్వార్టర్సులో సగం ఇళ్లకి దోసెల పిండి పోస్తుంది, వాటిలో ఆఫీసర్ల ఇళ్లూ ఉన్నాయి, ఎక్కడో ఒకచోట నోరు జారుతుందని అతని భయం.

"సెల్లికి సెప్పు బావా. అదేం పరాయిదా?" అన్నాను. ఆ రోజే కాదు, కనిపించినప్పుడల్లా అన్నాను. నీరసం అని చెప్పానన్నాడు, రక్తం పరీక్ష సంగతి కూడా ఎత్తలేదట. భార్యతో పదకొండేళ్లు గోలీలు కొనిపించుకున్నవాడికి ఆ సంగతి చెప్పడానికి నోరు రాలేదు. నాకు ఒళ్లు మండేది.

మేం అనుకోనిది ఒకటి ఉంది. దేవదానం క్లినిక్కు మెట్లు దిగుతుంటే మా బ్లాకులోవాళ్లెవరో చూశారు. ఆ మెట్లు ఎక్కినవాడు ఎందుకెక్కాడో ఊరందరికీ తెలుసు. మనిషి చూస్తే చిక్కిపోయి ఉన్నాడు, డ్యూటీకి పోవడం లేదు. ఇంక కావలసిందేముంది? పిండి కోసం వచ్చే గిన్నెలు ఒక్కొక్కటే రావడం మానేశాయి. కొందరు మర్యాదగా, మా ఇంట్లో దోసెలు తినడం లేదమ్మా అన్నారు. కొందరు అదీ అనలేదు. చిట్టెమ్మ కుళాయి దగ్గర నీళ్లు పట్టుకుని వెళితే వెనకున్నామె కుళాయి మూతి చింతపండు పెట్టి తోమి మరీ బిందె పెట్టింది. చిట్టెమ్మ రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, అది చూసింది.

దొరబాబు రక్తం రిపోర్టు చూపిద్దామా అంటే, రిపోర్టులు కొనుక్కోవచ్చు అనే నాలుకలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. నిజం చెబితే క్రేను పోతుంది, చెప్పకపోతే పెళ్లాం తల దించుకుని తిరగాలి. అతను క్రేను వైపే ఉండిపోయాడు. నెల గడిస్తే తిరిగి డ్యూటీకి వెళతాను, ఒళ్లు వస్తుంది, అందరి నోళ్లూ అవే మూతబడతాయి అని అతని లెక్క. నిద్ర లేని కళ్లతో మంచం మీద అటూ ఇటూ దొర్లుతూ ఆ నెల కోసం కాచుకున్నాడు.

నెల ఇంకా నిండలేదు. ఒక మధ్యాహ్నం చిట్టెమ్మ అన్నం వడ్డిస్తూ, "నాకు నేదంట," అంది.

"ఏటి నేదు?"

"ఆ జబ్బు. పరీక్ష సేయించుకున్నాను. ఈ పొద్దే సెప్పినారు."

దొరబాబు కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. మర్నాడు పొద్దున్న షిఫ్టు మారే వేళకి, లీవులో ఉన్న మనిషి, మా హాజరు గదికి వచ్చాడు. దిగే షిఫ్టు, ఎక్కే షిఫ్టు అంతా అక్కడే ఉంది. బల్ల వెనక సూపర్వైజరు సీతారామాంజనేయులు గారు కూర్చుని ఉన్నారు. దొరబాబు గొంతు పెంచలేదు. పెంచే ఓపిక కూడా లేదు.

"నాకు ఆ జబ్బు నేదు. నా పెళ్లానికి నేదు. నాను తిన్నది గంజాయి. పదకొండేళ్లు తిన్నాను. గంజాయని తెలీక తిన్నాను. ఇప్పుడది మానీసినాను, అందుకే సిక్కిపోయినాను. మీ ఆడోళ్లకి సెప్పండి."

ఎవడో కిసుక్కుమన్నాడు, గదంతా నవ్వింది. ఓస్ ఇంతేనా అన్నారు. భుజం తట్టారు. నాకూ రెండు గోలీలు తెప్పించు బావా అన్నాడు దాలయ్య, ఆ రోజు బస్తాల కింద పడబోయినవాడే. మావాళ్లు గంజాయిని క్షమించినంత తేలిగ్గా రక్తంలోని పురుగుని క్షమించరు. నవ్వనిది సీతారామాంజనేయులు గారొక్కరే. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నా చెవిన పడేలా ఎందుకు చెప్పావయ్యా?" అన్నారు. ఆయనకి దొరబాబంటే ఇష్టమే. కానీ విన్న మాట విననట్టు ఉండే కుర్చీ కాదది. ఆ పూటే క్రేను తీసేసి, లీవు అయ్యాక కింద పనికి రమ్మన్నారు. నన్ను అతనితో ఇంటికి వెళ్లమన్నారు.

మేం వెళ్లేసరికి కబురు మాకంటే ముందే చేరిపోయింది. పక్కింటామె అప్పుడే పిండి గిన్నె పంపించింది కూడా. అది ఖాళీగా గడప పక్కన ఉంది. ధనశ్రీ బడికి వెళ్లింది. దొరబాబు లోపలికి పోయి మంచం మీద వాలాడు. చిట్టెమ్మ గుమ్మంలో, వీధి వైపు మొహం పెట్టి కూర్చుంది. నేను వెళ్లిపోదామనుకున్నాను, కానీ ఆమె అప్పటికే మొదలుపెట్టింది.

"క్రేను పోద్దని నీకు భయం. నువ్వు పోతావని నాకు భయం. రెండూ ఒకటేనా?"

దొరబాబు జవాబు చెప్పలేదు. ఆమె వెనక్కి తిరగలేదు.

"రిపోర్టొచ్చే దాకా నాను ఎలగున్నానో నీకు తెలుసా? నా కంచం నాను ఏరే పెట్టుకున్నాను. నా సబ్బు ఏరే. పిల్లని దగ్గరికి రానీనేదు. తల దువ్వమని దువ్వెనట్టుకొస్తే, సేతులు నొప్పి, నువ్వే దువ్వుకో అన్నాను. పడుకున్నప్పుడు నా మీద సెయ్యేస్తే తోసీసినాను. ఏటి సేసినానమ్మా నాను అని అడిగింది. ఏటి సెప్పను? నువ్వూ పోయి, నానూ పోతే, దీన్ని ఎవులు ఇంట్లోకి రానిత్తారు అని, మా అమ్మ కాడ ఒగ్గీసొద్దునా, బళ్లో సిస్టర్లకి సెప్పుకుందునా అని, ఒక్కదాన్నే... నువ్వు ఒక్క మాట సెప్పుంటే, గంజాయి అని ఒక్క మాట..."

కొంగుతో మొహం తుడుచుకుంది. జవాబు కోసం చూసి, అప్పుడు తిరిగింది. దొరబాబు నిద్రపోతున్నాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. చెమట లేదు. ఊపిరి తీరుగా పోయి వస్తోంది. డాక్టరు చెప్పిన నెల కాస్త ముందే తీరినట్టుంది. ఎన్ని మాటలు విన్నాడో, ఏ మాట దగ్గర కన్నంటుకుందో నాకు తెలియదు.

నాకు పట్టరాని కోపం వచ్చింది. "లేపుతాను ఉండమ్మా," అన్నాను.

"వొద్దన్నయ్యా. ఎన్నాళ్లయిందో కన్ను మూసి. పడుకోనీ."

"పోనీ లేసాక సెప్పు."

"రెండోపాలి నాను సెప్పనేను. ఆయన అడిగితే సెప్తాను. నువ్వు మాత్రం సెప్పకు," అని నా చేత ఒట్టు పెట్టించుకుంది. మొగుడూ పెళ్లాం ఇద్దరి ఒట్లూ నా నెత్తినే పడ్డాయి.

దొరబాబు కోలుకున్నాడు. ఒళ్లు వచ్చింది. ఇప్పుడు షెడ్డులో బస్తాలు లెక్క చూసే పని. అప్పుడప్పుడు కోపం వస్తుంది, అందరికీ వచ్చినంతే. క్రేను మాత్రం తిరిగి ఇవ్వలేదు, అతనూ అడగలేదు. చిట్టెమ్మ పిండి మళ్లీ అన్ని ఇళ్లకీ పోతోంది, కుళాయి మూతి తోమినామె ఇంటికి కూడా.

ఏడాది దాటాక ఒక రోజు పిండి కోసం నేనే గిన్నె పట్టుకెళ్లాను. లోపల దొరబాబు పగటి నిద్రలో ఉన్నాడు.

"అడిగినాడా అమ్మా?" అన్నాను.

ఏమిటని ఆమె అనలేదు. గిన్నెలో పిండి పోసి, గరిటె అంచు వేలితో తుడిచింది.

"ఆయనకి ఇప్పుడు బాగా నిద్దర పడతంది అన్నయ్యా," అంది.